ఐదు స్టార్లకు యాభై రూపాయలా? మీ మాట అమ్ముకోకండి!

డిగ్రీ అయిపోయింది. నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు. చేతిలో ఫోను, జేబులో లెక్కపెట్టుకున్న డబ్బులు. సరిగ్గా ఇలాంటి రోజుల్లోనే ఆ మెసేజ్ వస్తుంది. ‘ఇంట్లో కూర్చుని వస్తువులకు రేటింగ్ ఇవ్వండి, రోజూ సంపాదించండి’ అని. కోదాడలో ఉన్నా, సూర్యాపేటలో రూము తీసుకుని చదువుతున్నా, మిర్యాలగూడలో ఇంటర్వ్యూకి తయారవుతున్నా, మునగాల స్టాపులో బస్సు కోసం నిలబడి ఉన్నా.. మీకూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది.

ఆ ఫోనులోనే మీరు ఇంకో పని కూడా చేస్తుంటారు. గ్రూప్స్ పుస్తకం కొనాలి. రూములోకి చిన్న మిక్సీ కావాలి. ఇయర్‌ఫోన్లు పాడయ్యాయి. ఏది కొనాలో తెలియక కింద జనం ఇచ్చిన స్టార్లు చూస్తారు. నాలుగున్నర ఉంటే ‘బాగుందట’ అనుకుని ఆర్డర్ పెడతారు.

ఒకవైపు స్టార్లు అమ్మమని మిమ్మల్ని అడుగుతున్నారు. ఇంకోవైపు ఎవరో అమ్మిన స్టార్లనే నమ్మి మీరు డబ్బు ఖర్చు పెడుతున్నారు. రెండూ ఒకే సంత. అందులో నష్టపోయేది ఎక్కువగా మీలాంటి వాళ్లే. ఎందుకంటే తప్పు వస్తువు వస్తే ఇంకొకటి కొనుక్కునే స్తోమత మీకు లేదు. తప్పు పుస్తకం కొంటే పోయేది మూడు వందలు మాత్రమే కాదు, పరీక్ష ముందు రెండు నెలలు కూడా.

అందుకే ఈ విషయంలో నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. తోటి కొనుగోలుదారు అభిప్రాయాన్ని చదవడం నేర్చుకోండి, మీ అభిప్రాయాన్ని నిజాయతీగా రాయడం నేర్చుకోండి, దాన్ని అమ్మడం మాత్రం చేయకండి. మొదటి రెండూ మీ ఉద్యోగ వేటలో పనికొస్తాయి. మూడోది మిమ్మల్ని ముంచుతుంది.

ఊళ్లో ఎట్లా అడుగుతారో చూడండి

రివ్యూ అనే మాట కొత్తదేమో కానీ పని పాతదే. మన దగ్గర విత్తనం కొనేముందు రైతు ఏం చేస్తాడు? ప్యాకెట్ మీది బొమ్మ చూసి సంచిలో వేసుకోడు. పోయినేడు అదే విత్తనం వేసినాయన దగ్గరికి పోతాడు. ‘నీది నల్లరేగడి కదా? కాలువ నీళ్లా, బోరా? పురుగు ఎప్పుడు పట్టింది? ఎన్ని బస్తాలొచ్చినయ్?’ అని అడుగుతాడు. జవాబు విన్నాక కూడా ‘నాది చెల్క భూమి, నాకు అట్లనే రాదు’ అని లెక్క వేసుకుంటాడు. సాగర్ ఎడమ కాలువ కింద పండింది బోరు కింద పండుతుందన్న భరోసా లేదని ఆయనకు తెలుసు.

ఆ నాలుగు ముక్కల్లోనే అంతా ఉంది. చెప్పేది ఎవరు? ఏ పరిస్థితుల్లో వాడారు? ఎన్నాళ్లు వాడారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు ఉన్నది అభిప్రాయం. జవాబు లేనిది ఉత్త స్టారు.

ఇదే రైతు ఇంట్లోని డిగ్రీ పిల్లలు ఫోను తెరవగానే ఆ తెలివిని పక్కన పెట్టేస్తారు. ‘సూపర్ ప్రొడక్ట్, వాల్యూ ఫర్ మనీ’ అన్న నాలుగు మాటలు చూసి కొనేస్తారు. ఆ నాలుగు మాటల్లో వాడింది ఎవరో లేదు, ఎక్కడో లేదు, ఎన్ని రోజులో లేదు. పార్సిల్ విప్పిన రోజే రాసిందైతే, అది పెట్టె గురించి రాసింది తప్ప వస్తువు గురించి కాదు.

పుస్తకం: ఏ ఎడిషన్, ఏ అధ్యాయం?

జనం అభిప్రాయాలను అచ్చంగా వ్యాపారంలో భాగం చేసిన చోట్లలో పుస్తకాల దుకాణం ఒకటి. అమెజాన్ 1995లో ఆన్‌లైన్ పుస్తకాల దుకాణంగా మొదలైంది. కొన్నవాళ్లు పుస్తకం బాగాలేదని రాసినా దాన్ని తీసేయకుండా ఉంచింది. ‘మీరు అమ్మేవాళ్లు కదా, చెడ్డగా రాసినవి ఎందుకు పెడుతున్నారు’ అని ప్రచురణ రంగం వాళ్లు అడిగారని సంస్థ వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్ తర్వాత ఎన్నోసార్లు చెప్పారు. ఏం కొనాలో తేల్చుకోవడానికి సాయపడితేనే తమకు వ్యాపారం అన్నది ఆయన వాదన. అంటే ఈ ఏర్పాటు విలువంతా ‘బాగాలేదు’ అని చెప్పగలిగే స్వేచ్ఛలోనే ఉంది. అందరూ ‘బాగుంది’ అనే చోట అభిప్రాయానికి విలువ లేదు.

పోటీ పరీక్షల పుస్తకం విషయంలో మీరు చూడాల్సినవి ఇవి. మొదటిది, రివ్యూ తేదీ. మూడేళ్ల కింద పాత ఎడిషన్‌కు వచ్చిన ప్రశంసలే కొత్త ఎడిషన్ కింద కూడా కనిపిస్తుండొచ్చు. సిలబస్ మారి ఉంటే ఆ పొగడ్త మీకు పనికిరాదు. రెండోది, ఒక్క స్టారు ఎందుకిచ్చారో చదవండి. ‘కవర్ చిరిగి వచ్చింది’, ‘ఆలస్యంగా వచ్చింది’ అన్నవి కొరియర్ మీద కోపం. ‘ఎకానమీలో పాత గణాంకాలే ఉన్నాయి’, ‘బిట్ల కీలో తప్పులున్నాయి’ అన్నది పుస్తకం మీద అభిప్రాయం. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు. మూడోది, ‘ఈ ఒక్క పుస్తకం చాలు, ఉద్యోగం గ్యారంటీ’ అన్న మాట కనిపిస్తే అక్కడే ఆగండి. నిజంగా చదివినవాళ్లు అలా రాయరు. ‘పాలిటీకి సరిపోతుంది, తెలంగాణ ఉద్యమం అధ్యాయానికి ఇంకోటి చూసుకోవాలి’ అని రాస్తారు.

కోచింగ్ సెంటర్ల ప్రకటనల్లోని విజేతల ఫొటోలు కూడా ఒక రకం రివ్యూలే. ‘నేను ఇక్కడే చదివి నెగ్గాను’ అన్న సాక్ష్యం అది. మరి ఆ అభ్యర్థి నిజంగా అక్కడ ఏం చదివారు? రెండేళ్ల కోర్సా, రెండు గంటల మాక్ ఇంటర్వ్యూనా? ఈ అయోమయాన్ని అరికట్టడానికే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో కోచింగ్ రంగానికి మార్గదర్శకాలు ఇచ్చింది. విజేత పేరు, ఫొటో వాడుకోవాలంటే రాతపూర్వక సమ్మతి ఉండాలి. అదీ విజయం సాధించిన తర్వాత తీసుకున్నదై ఉండాలి. ఆ అభ్యర్థి తీసుకున్న కోర్సు ఏదో, ఎంత కాలమో కూడా చెప్పాలి. హైదరాబాద్ వెళ్లి వేలకు వేలు కట్టేముందు ఈ ప్రశ్న అడిగే హక్కు మీకుంది. ‘ఫొటోలో ఉన్నాయన మీ దగ్గర ఏ కోర్సు చేశారు సార్?’ అని మర్యాదగానే అడగండి. జవాబు తేలిగ్గా రాకపోతే మీకు కావలసిన జవాబు వచ్చినట్టే.

పాట: అందరూ విన్నారని నేనూ..

పాట దగ్గరికి వస్తే స్టార్ల స్థానంలో వ్యూస్ ఉంటాయి. కోటి వ్యూస్ అంటే కోటి మంది మెచ్చారనుకుంటాం. ఈ నమ్మకాన్ని కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు ఒక చక్కటి ప్రయోగంతో పరీక్షించారు. 2006లో ‘సైన్స్’ పత్రికలో అది వచ్చింది. ఎవరికీ పెద్దగా తెలియని బ్యాండ్ల పాటలు 48 తీసుకున్నారు. 14 వేలకు పైగా జనానికి ఇంటర్నెట్‌లో వినిపించారు. కొంతమందికి పాటల పేర్లు మాత్రమే చూపారు. మిగతావాళ్లను ఎనిమిది గుంపులు చేసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కూడా చూపారు.

పాటలు అవే. గుంపులు మారేసరికి ఫలితం మారింది. ఒక గుంపులో పైన నిలిచిన పాట ఇంకో గుంపులో కిందికి జారింది. మరీ మంచి పాట మరీ అడుక్కి పోవడం, మరీ నాసిరకం పాట నెత్తికెక్కడం మాత్రం అరుదు. మధ్యలో ఉన్న వాటి రాత ఎటైనా తిరగొచ్చు. మొదట్లో కొందరు నొక్కిన పాటనే తర్వాతివాళ్లూ నొక్కారు కాబట్టి.

2013లో అదే పత్రికలో ఇంకో అధ్యయనం వచ్చింది. ఒక వెబ్‌సైటులో కొన్ని వ్యాఖ్యలకు, అవి పడీ పడగానే, పరిశోధకులే ఒక మెచ్చుకోలు ఓటు వేశారు. ఒక్కటంటే ఒక్కటే. చివరికి ఆ వ్యాఖ్యలకు వచ్చిన రేటింగ్ సగటున 25 శాతం పెరిగింది.

ఇప్పుడు అర్థమైందా, మీ మొదటి ఐదు స్టార్ల కోసం ఎందుకు వెంటపడతారో? ఆ ఒక్క నొక్కు వెనకాల వందల నొక్కులు వస్తాయి. పాటైతే నచ్చకపోతే ఆపేస్తాం, పోయేదేం లేదు. డబ్బు పెట్టి కొన్న వస్తువు సంగతి అలా కాదు.

ఇంటి సామాను: సగటు చెప్పని సంగతి

మీరు అర్థమెటిక్ చదువుతున్నారు కదా, ఒక లెక్క చేద్దాం. ఒక మిక్సీకి వంద మంది రేటింగ్ ఇచ్చారు. 70 మంది ఐదు స్టార్లు, 30 మంది ఒక్క స్టారు. సగటు 3.8. ఇంకో మిక్సీకి 80 మంది నాలుగు, 20 మంది మూడు ఇచ్చారు. దీని సగటూ 3.8. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. కానీ మొదటిది కొంటే పదింటిలో మూడుసార్లు మోటారు కాలిపోయే రకం కావొచ్చు. రెండోది గొప్పదేం కాదు గానీ నమ్మదగ్గది. నెలకు లెక్కపెట్టుకుని బతికేవాళ్లు ఏది కొనాలో వేరే చెప్పాలా? సగటు దగ్గర ఆగకండి. ఎన్ని ఐదులు, ఎన్ని ఒకట్లు అన్న పట్టీ పక్కనే ఉంటుంది, అది తెరవండి.

ఇంకో లెక్క. కొత్త వస్తువుకు పది రేటింగులు ఉన్నాయి, సగటు 3. అమ్మేవాళ్లు డబ్బిచ్చి పది ఐదు స్టార్లు వేయించారు. ఇప్పుడు సగటు 4. పది నొక్కులతో ‘పర్వాలేదు’ కాస్తా ‘బాగుంది’ అయిపోయింది. అదే మూడు వేల రేటింగులున్న వస్తువును పదిమంది కదిలించలేరు. అందుకే సంఖ్య తక్కువున్న చోట స్టార్లను తేలిగ్గా నమ్మొద్దు.

ఇంకా ఒక సంగతి. రాయాలన్న ఉబలాటం బాగా సంతోషపడ్డవాళ్లకూ, బాగా మండినవాళ్లకూ ఎక్కువ. ‘ఏదో ఉందిలే’ అనుకున్నవాళ్లు చాలామంది రాయరు. అందుకే రెండు, మూడు స్టార్లిచ్చి నాలుగు వాక్యాలు రాసిన అభిప్రాయాన్ని ముందు చదవండి. ‘చట్నీకి బాగుంది, మినప్పప్పుకు వేడెక్కుతోంది, ఐదు నిమిషాలకోసారి ఆపాలి’ అన్న మాట అలాంటి చోటే దొరుకుతుంది.

మన రైతు అడిగినట్టు ‘నీది ఏ భూమి’ అని ఇక్కడా అడగాలి. నీళ్లు శుద్ధి చేసే యంత్రం కొంటున్నారనుకోండి. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల బాధ దేశమంతా ఎరిగినదే. నగరంలో మున్సిపల్ కుళాయి నీళ్లకు వాడి ఐదు స్టార్లిచ్చిన వారి అనుభవం మీ బోరు నీళ్లకు వర్తిస్తుందా? ఫిల్టరు ఎన్ని నెలలకు మార్చాల్సి వచ్చిందో రాసిన ఒక్క మాట వంద స్టార్ల కంటే విలువైనది. కూలర్, ఫ్రిజ్, మోటారు లాంటివాటికి ఇంకో ప్రశ్న కూడా ఉంది: పాడైతే మెకానిక్ మీ ఊరికి వస్తాడా, మీరే సూర్యాపేటకో విజయవాడకో మోసుకుపోవాలా? ఇది మీ వీధి దుకాణాయన చెప్పగలడు, రెండేళ్ల కింద కొన్న పక్కింటి పిన్ని చెప్పగలదు. ఫోను చూడటంతో పాటు వాళ్లనూ అడగండి.

ఆ ‘రేటింగ్ ఉద్యోగం’ అసలు రంగు

ఇక మొదట్లో చెప్పిన మెసేజ్ సంగతి. ఇందులో రెండు రకాలున్నాయి.

మొదటిది పూర్తిగా మోసం. హోటల్‌కో వస్తువుకో రేటింగ్ ఇవ్వమంటారు, వీడియో లైక్ చేయమంటారు. మొదట రూ.100, రూ.200 నిజంగానే మీ ఖాతాలో పడతాయి. నమ్మకం కుదిరాక టెలిగ్రామ్ గ్రూపులో చేరుస్తారు. అక్కడ అందరూ ‘నాకు ఇంత వచ్చింది’ అని స్క్రీన్‌షాట్లు పెడుతుంటారు. వాటిలో చాలావరకు వాళ్ల మనుషులవే. తర్వాత ‘ప్రీపెయిడ్ టాస్క్’ మొదలవుతుంది. వెయ్యి కడితే పదమూడు వందలు, ఐదు వేలు కడితే ఇంకా ఎక్కువ అంటారు. తెర మీద మీ బ్యాలెన్స్ పెరుగుతుంటుంది. తీసుకోబోతే ‘టాక్స్ కట్టాలి’, ‘ఇంకో టాస్క్ పూర్తి చేయాలి’ అంటారు. కట్టిన కొద్దీ పోవడమే. 2023 డిసెంబరులో కేంద్ర హోం శాఖ ఇలాంటి పార్ట్‌టైమ్ ఉద్యోగాల మోసాలకు వాడుతున్న వందకు పైగా వెబ్‌సైట్లను మూయించింది. అవి పోతే ఇంకో పేరుతో పుట్టుకొస్తాయి.

ఇందులో ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. ‘మీ బ్యాంకు ఖాతా కొన్ని రోజులు వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం’ అంటారు. వేరేవాళ్ల దగ్గర కొట్టేసిన డబ్బు మీ ఖాతా గుండా పోతుంది. పోలీసులు ముందు వెతుక్కుంటూ వచ్చేది ఖాతాదారు దగ్గరికే. ఖాతా స్తంభిస్తుంది, కేసు కూడా రావొచ్చు. ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యాక పోలీసు వెరిఫికేషన్ ఉంటుందని మీకు తెలుసు. నాలుగు వేల కమీషన్ కోసం అంత దూరం తెచ్చుకుంటారా? ఇప్పటికే డబ్బు పోగొట్టుకుని ఉంటే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

రెండో రకంలో మీ డబ్బు పోదు. అందుకే దీనికి చాలామంది ఒప్పుకుంటారు. పార్సిల్‌లో ఒక చీటీ వస్తుంది: ‘ఐదు స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపండి, రూ.50 మీ ఖాతాలో వేస్తాం’. ‘ఎవరికి నష్టం? కంపెనీ డబ్బు, నా స్టారు. ఉద్యోగం లేని రోజుల్లో యాభై అయినా యాభైయే కదా’ అంటారు మీలో కొందరు. ఈ వాదనను నేను కొట్టిపారేయను. యాభై రూపాయలు చిన్న డబ్బు అని ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లకు చెప్పడం తగదు.

కానీ నష్టం ఎవరికో చూడండి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో మైఖేల్ లూకా 2011లో చేసిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో ఒక రివ్యూ వెబ్‌సైటులో ఒక్క స్టారు పెరిగితే హోటళ్ల ఆదాయం 5 నుంచి 9 శాతం పెరిగింది. స్టారంటే అంత డబ్బు. అమ్మేవాళ్లు మీకు యాభై ఊరికే ఇవ్వడం లేదు. మీ మాట చూసి కొనబోయే తర్వాతి మనిషి దగ్గర అంతకు ఎన్నో రెట్లు రాబట్టుకుంటారు. ఆ తర్వాతి మనిషి ఎవరు? అదే ధరలో వస్తువు వెతికేవాళ్లు, అంటే మీలాగే తక్కువ డబ్బుతో సర్దుకునే ఇంకో విద్యార్థి. మీ రూమ్మేట్ కూడా కావొచ్చు. ఎదురుగా కూర్చుని ‘అన్నా, ఆ మిక్సీ ఎట్లుంది?’ అని అడిగితే యాభై రూపాయల కోసం అబద్ధం చెబుతారా? చెప్పరు. ముఖం కనిపించనంత మాత్రాన మాట మారొద్దు.

చట్టం కూడా ఇటే ఉంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవాళ్లు తామే కొనుగోలుదారుల్లా నటించి రివ్యూలు రాయకూడదు. 2022 నవంబరులో భారతీయ ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ రివ్యూల కోసం ‘ఐఎస్ 19000:2022’ అనే ప్రమాణాన్ని తెచ్చింది. డబ్బిచ్చి రాయించిన రివ్యూలను ప్రచురించకూడదన్నది దాని సారం. అయితే దాన్ని పాటించడం ప్రస్తుతానికి కంపెనీల ఇష్టానికే వదిలేశారు. 2023 జనవరిలో ఇన్‌ఫ్లుయెన్సర్లకూ మార్గదర్శకాలు వచ్చాయి. డబ్బో కానుకో తీసుకుని ఒక వస్తువును మెచ్చుకుంటే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. అమెరికాలో 2024లో నకిలీ రివ్యూలు కొనడం, అమ్మడం నిషేధిస్తూ నిబంధన తెచ్చారు. మన దగ్గరా ఐఎస్ 19000ను తప్పనిసరి చేయాలన్నదే నా అభిప్రాయం. అప్పటిదాకా కాపలా మనదే.

తెలుగులో రాయండి

మునగాల పేరు మన పుస్తక చరిత్రలో ఉందని మీలో ఎంతమందికి తెలుసు? 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు చోటు తక్కువైన కాలమది. దాని వెనక నిలిచినవారిలో మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు, ఆయన దగ్గర దివానుగా ఉన్న కొమర్రాజు లక్ష్మణరావు ముఖ్యులు. లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి మొదలుపెట్టి చరిత్ర, శాస్త్ర విషయాలపై తెలుగులో పుస్తకాలు తెచ్చారు. 1923లో మరణించేదాకా తెలుగు విజ్ఞాన సర్వస్వం పనిలోనే ఉన్నారు. తెలుగు చదివేవాడికి కావలసిన సమాచారం తెలుగులోనే దొరకాలన్నది వాళ్ల పట్టుదల.

ఇప్పుడు సమాచారానికి కొదవ లేదు. కానీ మన ఊరి నీళ్లకు, మన కరెంటుకు, మన తెలుగు మీడియం పరీక్షకు సరిపోయే అనుభవం తెలుగులో ఎంత దొరుకుతోంది? 2020లోనే ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ రెండూ తమ యాప్‌లను తెలుగులోకి తెచ్చాయి. మీట నొక్కితే తెలుగు వస్తుంది. కింద అభిప్రాయాల దగ్గరికి పోతే మళ్లీ ‘నైస్’, ‘గుడ్’, ‘సూపర్’. తెలుగు మీడియంలో డీఎస్సీకి చదివే అమ్మాయికి ఆ మూడు మాటలు ఏం చెబుతాయి? అదే పుస్తకంతో పరీక్ష రాసి వచ్చిన మీరు నాలుగు తెలుగు వాక్యాలు రాస్తే ఆమెకు రెండు నెలలు మిగులుతాయి.

ఎట్లా రాయాలంటే ఇట్లా. ‘సూర్యాపేటలో రూములో ముగ్గురం వాడుతున్నాం. నాలుగు నెలలైంది. ఇడ్లీ పిండికి జారు చిన్నది, రెండుసార్లు వేయాలి. మూత రబ్బరు రెండో నెలలో వదులైంది, వారంటీలో మార్చి ఇచ్చారు. ఇద్దరికైతే సరిపోతుంది, కుటుంబానికి చాలదు.’ ఇంతే. పొగడ్త లేదు, తిట్టు లేదు. ఎవరు, ఎక్కడ, ఎన్నాళ్లు, ఏం జరిగింది, ఎవరికి పనికొస్తుంది అన్న ఐదూ ఉన్నాయి. బాగాలేనిది రాసేటప్పుడు మీకు జరిగింది మాత్రమే రాయండి. ‘దొంగ కంపెనీ’ అనకండి, ‘పదో రోజు ఆగిపోయింది, మూడుసార్లు ఫోన్ చేసినా రాలేదు’ అనండి. ఆ రెండో వాక్యానికే బలం ఎక్కువ, మీకు చిక్కూ తక్కువ. రివ్యూతో పరిష్కారం కాని గొడవైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. బిల్లు, ఫొటోలు దాచుకుని ఫోన్ చేయండి.

ఇది మీ రెజ్యూమెకి ఎట్లా పనికొస్తుంది?

పై ఐదు వాక్యాల్లాంటివి రాయడం ఒక నైపుణ్యం. సాఫ్ట్‌వేర్ టెస్టర్ పని అచ్చం ఇదే: ఏ ఫోనులో, ఏ మీట నొక్కితే, ఏం రావాల్సి ఉంటే ఏం వచ్చింది అని రాయడం. కస్టమర్ సపోర్ట్‌లో చేరితే కోపంతో మాట్లాడే వాళ్ల మాటల్లోంచి అసలు సమస్యను బయటికి తీయాలి. డేటా అనలిస్టుకు సగటు వెనక ఏం దాగిందో చూడటమే రోజువారీ పని. హైదరాబాద్‌లోని పెద్ద సంస్థల్లో నకిలీ ఖాతాలను, నకిలీ రాతలను పట్టుకునే ఉద్యోగాలూ ఉన్నాయి. బ్యాంకు, గ్రూప్స్ డిస్క్రిప్టివ్ పేపర్లలో కూడా మార్కులు తెచ్చేది సొంత అభిప్రాయాన్ని ఆధారంతో, తూకంగా చెప్పడమే.

ఇంటర్వ్యూలో ‘మీ గురించి చెప్పండి’ అన్నప్పుడు అందరూ ‘హార్డ్ వర్కింగ్, సిన్సియర్’ అంటారు. అది మీకు మీరే ఇచ్చుకున్న ఐదు స్టార్లు. అడిగేవాళ్లు దాన్ని నమ్మరు, మీరు ‘సూపర్ ప్రొడక్ట్’ను నమ్మకూడనట్టే. ‘మూడో సెమిస్టర్ ప్రాజెక్టులో నలుగురం ఉన్నాం, సర్వే ఫారాలు నేను తయారు చేశాను, మొదటిసారి సగం తిరిగి రాలేదు, ప్రశ్నలు తగ్గించి మళ్లీ పంపాం’ అని చెప్పి చూడండి. ఎదుటివాళ్లు తలెత్తి చూస్తారు. వస్తువు గురించి నిజం రాయడం అలవాటైతే మీ గురించి చెప్పుకునేటప్పుడు కూడా అదే పద్ధతి వస్తుంది.

కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. గత ఆరు నెలల్లో మీరు సొంత డబ్బుతో కొని వాడుతున్న మూడు వస్తువులు తీసుకోండి: ఒక పుస్తకం, ఒక ఇయర్‌ఫోన్ లాంటిది, ఒక ఇంటి సామాను. ఒక్కోదాని గురించి ఐదు వాక్యాలు తెలుగులో రాయండి. రాసింది మీ రూమ్మేట్‌కు చూపించి, ‘ఇది చదివితే కొనాలో వద్దో తేలుతోందా?’ అని అడగండి. తేలితే, కొన్నచోటే పెట్టండి. రేటింగ్ ఉద్యోగం మెసేజ్ మళ్లీ వస్తే బ్లాక్ చేసి, మీ కాలేజీ గ్రూపులో హెచ్చరిక పెట్టండి. మీ తర్వాతి బ్యాచ్ తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా ఆ గ్రూపు చూస్తుంటారు.